ఏటి దారి, అర్జీ దారి

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యురాలు చేసిన ప్రసంగం. ఫోన్లో రికార్డు చేసి, రాసి, ఆమెకు చదివి వినిపించాక ఇక్కడ వేస్తున్నాం.)



ఇంతవరకు పొదుపు లెక్క విన్నాం. బ్యాంకు లింకేజీ లెక్క విన్నాం. స్త్రీనిధి బకాయిలు ఏ సంఘానివి ఎంతున్నాయో పేర్లతో సహా విన్నాం. మా సంఘం పేరు రాలేదు, బతికిపోయేను. నన్ను మాట్లాడమన్నది వేరే సంగతి. "మన జిల్లా, మన ఏరు, మన పంచాయతీ, వీటి గురించి ఆడవాళ్ళకి అర్థమయ్యేట్టు చెప్పక్కా" అన్నారు. ఆడవాళ్ళకి అర్థమయ్యేట్టు అంటే ఎలగో నాకు తెలీదు. ఈ ఏటి నీళ్ళు నెత్తి మీద మోసింది మనమే. మనకంటే ఎక్కువ అర్థమైనవాళ్ళు ఎవరున్నారు?

నేను పదో తరగతి వరకే చదివేను. గ్రామ సంఘంలో చాలాకాలం పుస్తకాలు రాసేను. 2013 నుంచి అయిదేళ్ళు వార్డు మెంబరుగా చేసేను. నాకు తెలిసిందంతా ఆ రెండు పనుల్లో తెలిసిందే. తప్పుంటే దిద్దండి.

ముందు ఏరు సంగతి చెప్తాను, ఎందుకంటే జిల్లాల కంటే అదే పాతది.

నా పుట్టిల్లు కొమరాడ వైపు, నాగావళి ఒడ్డున. నన్ను ఇచ్చింది ఇక్కడ, వంగర మండలం, సంగాం దగ్గరికి. నా కూతుర్ని ఇచ్చింది శ్రీకాకుళం అవతల కళ్లేపల్లి వైపు, ఏరు సముద్రంలో కలిసే చోటుకి. మూడు కాపరాలూ ఒకే ఏటి మీద. మా అమ్మ అనేది, "నువ్వు ఏట్లో పువ్వు వేస్తే నీ కూతురు తీసుకుంటాది" అని. తోటపల్లి బ్యారేజీ గేట్లు దించి ఉంటే పువ్వు అక్కడే ఆగిపోతాది గాని, మాట మాత్రం నిజమే.

మన పెద్దలు ఈ ఏటికి కథ చెప్తారు. బలరాముడు తన నాగలితో గీస్తే ఏరు పుట్టిందని, అందుకే నాగావళి అయిందని. ఆయనే గట్టు మీద అయిదు శివలింగాలు ప్రతిష్ఠించేడంట. రాయగడ దగ్గర పాయకపాడులో పాతాళేశ్వరుడు, గుంపలో సోమేశ్వరుడు, మన సంగాంలో సంగమేశ్వరుడు, శ్రీకాకుళంలో ఉమారుద్ర కోటేశ్వరుడు, కళ్లేపల్లిలో మణినాగేశ్వరుడు. శివరాత్రికి మీరంతా ఎక్కడో ఒకచోట స్నానం చేసే ఉంటారు. ఆ అయిదు గుళ్ళనీ వరసగా గుర్తుపెట్టుకుంటే ఏటి పటం మీ బుర్రలో గీసుకున్నట్టే. నేను స్కూల్లో నేర్చుకున్న భూగోళం మర్చిపోయేను గాని ఈ వరస మర్చిపోలేదు.

ఆ వరసలోనే వెళ్దాం. నాగావళి పుట్టింది మన రాష్ట్రంలో కాదు. ఒడిశాలో కలహండి జిల్లా, తువాముల్ రాంపూర్ వైపు కొండల్లో. మొత్తం పొడవు సుమారు 256 కిలోమీటర్లు అయితే, అందులో 161 దాకా ఒడిశాలోనే. అంటే మన దగ్గరికి వచ్చేసరికి దాని వయసు సగం దాటిపోయింది. రాయగడ మీదుగా వచ్చి కొమరాడ మండలంలో ఆంధ్రాలో అడుగుపెడతాది. గుంప దగ్గర జంఝావతి వచ్చి కలుస్తాది. గరుగుబిల్లి మండలంలో తోటపల్లి. అక్కడ 1908 నాటి పాత రెగ్యులేటరు ఉండేది. మా తాత ఆ కాలవ నీళ్ళ గురించి చెప్పేవాడు. కొత్త బ్యారేజీ 2015 సెప్టెంబరులో ప్రారంభించేరు. ఆ తర్వాత వీరఘట్టం, పాలకొండ పక్క నుంచి కిందికి వస్తాది. ఈలోగా సాలూరు కొండల్లో పుట్టిన సువర్ణముఖి, పాచిపెంట కొండల్లో పుట్టిన వేగావతి మన సంగాం దగ్గరికి వచ్చి నాగావళిలో కలుస్తాయి. సువర్ణముఖి మీదే మన మడ్డువలస రిజర్వాయరు. అక్కణ్ణుంచి నారాయణపురం ఆనకట్ట, బూర్జ, ఆమదాలవలస, శ్రీకాకుళం టౌను, కళ్లేపల్లి, సముద్రం.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మన దగ్గర చుక్క వాన లేకుండా, ఎండ కాస్తూ ఉండగా, ఏరు ఎర్రగా వచ్చేస్తాది. మీరు చూసే ఉంటారు. రాయగడ కొండల మీద పడ్డ వాన అది. బట్టలు ఉతకడానికి దిగినవాళ్ళకి, ఇసుకలో దోస, పుచ్చ పాదులు పెట్టినవాళ్ళకి ఆ సంగతి తెలియాల. ఆకాశం చూసి ఏట్లో దిగకూడదు. పైన తోటపల్లిలో గేట్లు ఎత్తేరా అని అడిగి దిగాల. మా పుట్టింటి నుంచి మా తమ్ముడు ఫోను చేస్తాడు, "అప్పా, ఏరు వస్తంది" అని. సర్కారు దండోరా కంటే వాడి ఫోను ముందొస్తాది. మీకూ పైన చుట్టాలుంటే ఆ నంబరు గోడ మీద రాసుకోండి.

మీదనుంచి ఏనుగులు కూడా ఇలాగే వచ్చేయి. ఒడిశా నుంచి దిగి కొమరాడ, గరుగుబిల్లి, జియ్యమ్మవలస చేలల్లో చెరుకు, అరటి తొక్కేసేయి. ఏనుక్కి ఏ జిల్లాలో ఉందో తెలీదు. తెలియనవసరం లేదు. మనకి తెలియాల.

ఇప్పుడు జిల్లా సంగతి. నేను పుట్టినప్పుడు మా పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా. ఆ జిల్లా 1950 ఆగస్టు 15న విశాఖపట్నం నుంచి విడిపోయి పుట్టింది. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు, 1979 జూన్ 1న, విజయనగరం జిల్లా పెట్టేరు. పార్వతీపురం, సాలూరు, బొబ్బిలి అటు వెళ్ళిపోయేయి. 2022 ఏప్రిల్ 4న మళ్ళీ మార్చేరు. పార్వతీపురం మన్యం అని కొత్త జిల్లా వచ్చింది. మా నాన్న ఇల్లు గోడ కూడా కదల్లేదు. అదే అరుగు, అదే చింతచెట్టు. మూడు జిల్లాలు మారింది. నేను కాపరానికి వచ్చింది శ్రీకాకుళం జిల్లాకి. అదే 2022లో వంగర, రాజాం, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి మండలాల్ని విజయనగరంలో కలిపేరు. ఇప్పుడు మా అమ్మగారిల్లు మన్యం, నా ఇల్లు విజయనగరం, కూతురిల్లు శ్రీకాకుళం. ఏరు మాత్రం ఒకటే.

ఇందులో ఒక తిరకాసు ఉంది, చాలామందికి తెలీదు. కలెక్టరు ఆఫీసు మారింది గాని జిల్లా పరిషత్తు మారలేదు. 2021లో ఎన్నికైన జిల్లా పరిషత్తులు పాత జిల్లాల లెక్కనే నడిచేయి. అంటే మన మండలానికి కలెక్టరు విజయనగరంలో, మన జడ్పీటీసీ కూర్చున్న మీటింగు శ్రీకాకుళంలో. మన్యం జిల్లాకి కలెక్టరు పార్వతీపురంలో ఉంటే, వాళ్ళ జిల్లా పరిషత్తు కొంత విజయనగరం, పాలకొండ వైపు వాళ్ళకి శ్రీకాకుళం. అర్జీ పట్టుకుని తప్పు బస్సు ఎక్కితే ఛార్జీ మనదే పోతాది. కిందటేడు మన సభ్యురాళ్ళు ఇద్దరు అలాగే ఒక పూట కూలి పోగొట్టుకున్నారు. పేరు చెప్పను, అదిగో నవ్వుతున్నారు.

అసలు ఈ అంచెలు ఎలా వచ్చేయో రెండు మాటలు. నా చిన్నప్పుడు ఊళ్ళో కరణం, మునసబు ఉండేవారు. కాగితం కావాలంటే వాళ్ళ అరుగు కింద నిలబడాల. 1984లో ఆ ఉద్యోగాలు తీసేసేరు. తాలూకాలు పోయి మండలాలు 1985లో వచ్చేయి. రాజ్యాంగానికి 73వ సవరణ చేసి, 1993 ఏప్రిల్ 24 నుంచి పంచాయతీ, మండలం, జిల్లా అని మూడు అంచెలకీ అయిదేళ్ళకోసారి ఎన్నికలు ఉండాలని, ఆడవాళ్ళకి మూడో వంతు సీట్లు తగ్గకూడదని పెట్టేరు. మన రాష్ట్రంలో 2011లో చట్టం మార్చి అది సగం చేసేరు. నేను గెలిచింది ఆ సగంలోనే. లేకపోతే మా వీధిలో నన్ను ఎవరు నిలబెడతారు? మా ఆయనే నిలబడేవాడు.

మన సంఘాలు కూడా ఈ గడ్డ మీద ముందే పుట్టేయి. డ్వాక్రా గుంపులు అప్పటికే ఉన్నాయి. 2000లో వెలుగు మొదలైనప్పుడు తీసుకున్న మొదటి ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. వెనకబడ్డ జిల్లాలని తీసుకున్నారు. అలా చూసుకుంటే వెనకబడ్డం వల్ల మనకి జరిగిన మంచి అదొక్కటే.

సరే. నీళ్ళ దగ్గరికి వద్దాం. నీరు ఒకటే గాని దాని మీద ఆఫీసులు చాలా. వీధి కుళాయి రాకపోతే పంచాయతీ. పైపులైను, ట్యాంకు పెద్ద పని అయితే గ్రామీణ నీటి సరఫరా వాళ్ళు, అదే ఆర్‌డబ్ల్యూఎస్. చెరువు మదుము పోయినా, కాలవ పూడిపోయినా నీటి సంఘం, దాని మీద ఇరిగేషన్ వాళ్ళు. చెరువు గట్టు ఎవరైనా కలిపేసుకుంటే తహశీల్దారు. ఏట్లో ఇసుక తవ్వితే గనుల శాఖ. ఆ చెరువులోనే పూడిక తీసే పని కావాలంటే ఉపాధి హామీ. అంటే ఒకే చెరువు చుట్టూ నాలుగు కుర్చీలు. ఒకరి దగ్గరికి వెళ్తే "మాది కాదమ్మా" అంటారు. అది అబద్ధం కూడా కాదు, నిజంగానే వాళ్ళది కాదు. ఎవరిదో మనం తెలుసుకుని వెళ్ళకపోతే ఆ ఒక్క మాటతో మనల్ని ఏడాది తిప్పొచ్చు.

ఈ కుర్చీలన్నిటికీ మన ఊరి మాట కాగితం మీద వెళ్ళే చోటు ఒకటుంది, గ్రామసభ. దాని గురించి చెప్పే ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాల. ఊరి పేరు పుస్తకంలో వెయ్యొద్దని ముందే చెప్పేను. ఇక్కడున్న సగం మందికి ఎలాగూ తెలుసు.

నేను మెంబరయిన మొదటి ఏడాది. పొద్దున్న పొయ్యి మీద అంబలి కాస్తున్నాను. పంచాయతీ పని చూసే మనిషి ఒకడు వచ్చేడు, చంకలో మినిట్స్ పుస్తకం. "పిన్నమ్మా, గ్రామసభ అయిపోయినట్టే. అందరూ పెట్టేసేరు, నీదొక్కటే మిగిలింది" అన్నాడు. చేతికి చోడిపిండి ఉంటే కొంగుకి తుడుచుకుని మూడు చోట్ల సంతకం పెట్టేను. ఏటి రాసుందని అడగలేదు. చదవడం రాక కాదు. సంఘం లెక్కలో పది రూపాయలు తేడా వస్తే దీపం పెట్టుకుని రాత్రంతా వెతికే మనిషిని నేను. కాని సంఘం పుస్తకం మాది అనుకున్నాను, పంచాయతీ పుస్తకం వాళ్ళది అనుకున్నాను. అంతే.

ఆ కాగితంలో ఉన్నది ఏటంటే, మంచినీళ్ళ పైపులైను రామాలయం వరకు వేస్తారు. గెడ్డ అవతల కాలనీలో 34 ఇళ్ళున్నాయి, వాటికి లేదు. అక్కణ్ణుంచి ఎవరూ అడగలేదని రాసి ఉంది.

ఆ వేసవంతా కాలనీవాళ్ళు గెడ్డ దాటి వచ్చి నీళ్ళు పట్టుకెళ్ళేరు. తర్వాత 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. కరెంటు లేదు, మోటార్లు లేవు, గెడ్డ పొంగి తగ్గింది, రాళ్ళన్నీ పాకుడు పట్టేయి. మా సంఘంలో సభ్యురాలే ఒకామె, రెండు బిందెలతో జారి పడింది. కుడిచెయ్యి విరిగింది. ఆ నెల సమావేశానికి కట్టుతో వచ్చింది. నలభై ఏళ్ళు దాటేక సంతకం నేర్చుకున్న మనిషి, ప్రతి నెలా ముత్యాల్లా అక్షరాలు పెట్టేది. ఆ రోజు ఎడమచేతి బొటనవేలు చాపింది. స్టాంపు ప్యాడ్ పట్టుకున్నది నేనే.

కోపం పట్టలేక పంచాయతీ ఆఫీసుకి వెళ్ళేను. కాలనీకి పైపు ఎందుకు వెయ్యలేదని గట్టిగానే అడిగేను. వాళ్ళు గొడవ పడలేదు. పుస్తకం తీసి, పేజీ తిప్పి, వేలు పెట్టి చూపించేరు. "ఇదుగోనమ్మా, మీ సంతకమే కదా" అన్నారు.

నేను ఇంటికొచ్చి ఎవరితోనూ చెప్పలేదు. పది రోజుల తర్వాత ఆమె దగ్గరికే వెళ్ళి చెప్పేను. ఆమె ఏమీ అనలేదు. "మరి ఇప్పుడు ఏటి చేద్దాం?" అంది. చేసింది పెద్ద పనేం కాదు. గ్రామ సంఘం సమావేశంలో తీర్మానం రాసేం. 34 ఇళ్ళ జాబితా, ఇంటి పెద్ద పేరు, ఎంతమంది ఉన్నారు, నీళ్ళు ఎక్కణ్ణుంచి తెస్తున్నారు, అన్నీ మన పుస్తకంలో లెక్క రాసినట్టే గళ్ళు గీసి రాసేం. తర్వాత గ్రామసభకి ముప్పై మంది ఆడవాళ్ళు వెళ్ళేం. ముందు వరసలో కూర్చున్నాం. ఏదైనా రాసేక పైకి చదవమన్నాం. చదివేక సంతకం పెట్టేం. ఆ తర్వాతేడు పైపు వచ్చింది. ఇప్పుడు కుళాయిలున్నాయి. మే నెలలో చివరి ఆరిళ్ళకి నీరు దారంలా సన్నగా వస్తాది, ఆ తగువు ఇంకా తేలలేదు. ఆమె చెయ్యి మాత్రం కొంచెం వంకరగానే అతుక్కుంది.

అందుకని గ్రామసభ. ఇది సర్పంచి పెట్టే మీటింగు కాదు. ఊళ్ళో ఓటున్న ప్రతి మనిషీ అందులో సభ్యులే. సర్పంచిని అయిదేళ్ళకోసారి ఎన్నుకుంటాం, గ్రామసభకి మనల్ని ఎవరూ ఎన్నుకోనక్కర్లేదు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టి ఉపాధి పనులు ఆమోదించేరు. ఆ రోజు చేతులెత్తమంటే ఎత్తుతాను. మీలో ఎంతమంది వెళ్ళేరు? ... (నవ్వులు) సరే, అంతమందైనా వెళ్ళేరు. వెళ్ళనివాళ్ళలో ఎంతమంది సంతకం ఆ పుస్తకంలో ఉందో మాత్రం అడగను.

డబ్బు సంగతి చెప్తాను, అది చెప్తే అందరూ వింటారు. 2026 మార్చి వరకు పంచాయతీకి పదిహేనో ఆర్థిక సంఘం డబ్బు వచ్చేది. అందులో వంద రూపాయలకి అరవై ముందే కట్టేసి ఉండేవి. ముప్పై మంచినీళ్ళకి, ముప్పై పారిశుద్ధ్యానికి. వేరే పనికి వాడకూడదనేవారు. మిగతా నలభై ఊరి అవసరం బట్టి వాడుకోనిచ్చేవారు, జీతాలకి మాత్రం వాడకూడదనేవారు. అంటే నీళ్ళు, కాలవలు, మరుగు, చెత్త, మనం రోజూ చేసే చాకిరీ ఏదో దాని పేరు మీదే సగం కంటే ఎక్కువ డబ్బు వచ్చేది. పంచాయతీ డబ్బు ఏ పనికి పెట్టాలో ఏడాదికోసారి ప్రణాళిక రాస్తారు. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక అంటారు, జీపీడీపీ. అక్టోబరు 2 గాంధీ జయంతి నుంచి ఆ సభలు మొదలవుతాయి. ఆ ప్రణాళికా, అందులో ఖర్చూ ఈ-గ్రామ్ స్వరాజ్ అని ఫోన్లో కనిపిస్తాయి. మీ గుంటలు రీల్స్ చూసే ఫోన్లోనే. ఊరి పేరు కొట్టి చూపించమనండి.

మరి మనకి అందులో చోటెక్కడ? ఉంది. మన గ్రామ సంఘమే ఒక ప్రణాళిక రాయాల. మొదట్లో గ్రామ పేదరిక నిర్మూలన ప్రణాళిక అనేవారు, వీపీఆర్‌పీ అని మన వీవోఏలు ఫోన్లో ఎక్కిస్తారు కదా, అదే. దాంట్లో ఎవరికి పింఛను రావాల, ఎవరికి జాబు కార్డు లేదు అని ఒక భాగం. జీవనోపాధులు ఒక భాగం. ఊరి ఉమ్మడి వసతులు, చెరువు, దారి, వీధి దీపం, ఇవి ఒక భాగం. బాల్య వివాహాలు, తాగుడు, పిల్లల తిండి, ఇవి ఒక భాగం. అది గ్రామసభలో పెట్టి పంచాయతీ ప్రణాళికలో కలపాల. నిజంగా ఏం జరుగుతందంటే, టార్గెట్టు వచ్చిందని సీసీ ఫోను చేస్తారు, వీవోఏ రాత్రి పదింటికి ఇంట్లో కూర్చుని అంకెలు ఎక్కించేస్తాది. అక్కడితో అయిపోతాది. వీవోఏ చెల్లెళ్ళూ, నా మీద కోపం పెట్టుకోకండి, నేనూ అదే పని చేసేను. మినిట్స్ పుస్తకం మీద నేను చేసిన తప్పూ, ఫోన్లో మీరు చేసే ఈ పనీ ఒకటే. ఎవరూ అడగలేదని రాసుకోవడానికి వాళ్ళకి మనమే వీలిస్తున్నాం.

సర్పంచమ్మల గురించి కూడా ఒక మాట. సగం సీట్లు మనవి. సర్పంచి ఆవిడ, కుర్చీలో ఆయన. మీటింగులో ఆవిడ వెనక బెంచీ మీద. ఇది చూసి ఆడవాళ్ళకి రాజకీయం రాదని నవ్వుతారు. నాకు నవ్వు రాదు. ఆవిడకి తోడు వెళ్ళేది ఎవరు? మనం సంఘంలో లక్షల రూపాయల అప్పు లెక్కలు చూస్తున్నాం. ఒకరిద్దరం ఆవిడ పక్కన కూర్చుంటే ఆయన బయట టీ తాగుతాడు. మా ఊళ్ళో మేం అలాగే చేసేం. మొదట్లో ఆయనకి కోపం వచ్చింది. తర్వాత పొలం పని చూసుకోవడానికి తీరిక దొరికిందని సంతోషపడ్డాడు.

నీటి సంఘం మాట. 2024 డిసెంబరులో సాగునీటి సంఘాలకి ఎన్నికలు జరిగేయి. 1997లో చేసిన చట్టం ప్రకారం ఆ సంఘాలున్నాయి. ఆయకట్టులో భూమి ఎవరి పేరున ఉంటే ఓటు వాళ్ళది. నాట్లు మనం వేస్తాం, కలుపు మనం తీస్తాం, రాత్రి మడికి నీరు తిప్పడానికి టార్చి పట్టుకుని మనమే వెళ్తాం. పాసుపుస్తకం మాత్రం మామగారి పేరు మీదో, చనిపోయిన ఆయన పేరు మీదో ఉంటాది. ఓటు లేదు. ఆ రోజు మదుము దగ్గర నేను నిలబడి చూసేను, ఓటు వెయ్యడానికి వచ్చిన ఆడవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఒంటరి మహిళలు, భర్త పోయినవాళ్ళు ముందుగా ఆ పేరు మార్పు చేయించుకోండి. మన సమాఖ్య ఈ ఏడాది చేపట్టే పనుల్లో ఇది ఒకటి ఉండాలని నేను ఇప్పుడే అడుగుతున్నాను. అధ్యక్షురాలు తల ఊపేరు, రాసుకోండి.

ఇసుక గురించి ఎక్కువ చెప్పను, చెప్తే పొద్దుపోతాది. మన చిన్నప్పుడు ఎండాకాలం ఏట్లో చెలమ తవ్వితే మూరెడు లోతులో నీరు ఊరేది. తేట నీరు, చల్లటి నీరు. ఇప్పుడు నడుం లోతు తవ్వాల. ఇసుక నీటిని దాచుకునే గుడ్డ లాంటిది. గుడ్డ తీసేస్తే తడి ఎక్కడుంటాది? వాల్టా అని 2002 నాటి చట్టం ఉంది, నీరు, భూమి, చెట్టు కాపాడే చట్టం. భూగర్భ జలం పోయేట్టు ఇసుక తవ్వకూడదని అందులో ఉంది. అర్జీ రాసేటప్పుడు ఆ పేరు రాయండి. ట్రాక్టరుకి అడ్డం నిలబడి తిట్టడం కంటే, ఏ రోజు, ఎన్ని బళ్ళు, మంచినీళ్ళ బావికి ఎంత దూరంలో అని రాసిన కాగితం ఎక్కువ పనిచేస్తాది. మనలో ఒకరికి ఆ ట్రాక్టరు మీద డ్రైవరుగా కొడుకు ఉంటాడు, అదీ నాకు తెలుసు. అందుకే మనిషి పేరు వద్దు, లెక్క రాయండి.

లెక్క అన్నాను కాబట్టి. మన పక్క ఏరు వంశధార ఉంది కదా, ఒడిశాలో పుట్టి, హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ దాటి, కళింగపట్నంలో సముద్రంలో కలుస్తాది. దాని నీటి మీద రెండు రాష్ట్రాలు ఎన్ని ఏళ్ళు తగువు పడ్డాయో. 2010లో ట్రైబ్యునల్ వేసేరు, 2017లో తీర్పు చెప్పేరు. అక్కడ ఏడవలేదు, అరవలేదు. ఏ నెలలో ఎంత నీరు పారిందో అంకెలు పెట్టి వాదించేరు. ఇంకో పక్క సాలూరు పైన కొటియా ఊళ్ళున్నాయి, 21 ఊళ్ళు. మావంటే మావని రెండు రాష్ట్రాలూ కోర్టులో ఉన్నాయి. 2021 ఫిబ్రవరిలో మనవాళ్ళు అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా సుప్రీంకోర్టుకి వెళ్ళింది. ఓలమ్మా, ఆ ఊళ్ళకోసం ఇద్దరు కొట్టుకుంటున్నారు, మన కాలనీ కుళాయికి ఒక్కళ్ళు రారు అనిపించింది నాకు.

చివరగా కాగితం సంగతి. అర్జీ ఇస్తే రసీదు తీసుకోండి. గ్రామసభలో తీర్మానం చేస్తే దాని నంబరు మన గ్రామ సంఘం పుస్తకంలో ఎక్కించండి. నకలు ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో అడగడానికి ఫీజు లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు. అంతకు పైన 10 రూపాయలు. ఆటో ఛార్జీ కంటే తక్కువే.

ఇదిగో, ఈ పుస్తకం తెచ్చేను. అట్ట చిరిగిపోయింది. ఇందులో ఆ 34 ఇళ్ళ జాబితా ఉంది, ఎలా గీసేమో చూడండి. మొదటి పేజీలో ఏటి పటం కూడా ఉంది, నా మనవరాలు గీసింది. గుంప దగ్గర ఏరు ఎటు తిరుగుతాదో తప్పు వేసింది. కొండవైపు నుంచి వచ్చిన అక్కలు భోజనాలయ్యాక నా దగ్గరికి వచ్చి దిద్దండి. పెన్సిలు ఉంది. మీ ఊరి గెడ్డ పేరు కూడా రాసి వెళ్ళండి, పటంలో అవి లేవు.